అతుకు ఎక్కడ పడిందో చూడాలి: జన్యు ఫ్యూజన్లతో పుట్టే అరుదైన మెదడు కణితులు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హాల్లో పాథాలజీ పీజీలు, న్యూరోసర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు కనిపిస్తున్నారు. పిల్లల క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే సిస్టర్లు, కొందరు తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అందుకని పరిభాష వచ్చిన ప్రతిచోటా ఆగి విప్పి చెబుతాను. తెలిసినవాళ్లు ఆ కాసేపు ఓపిక పట్టండి.

తెర మీద ఒక రిపోర్టులో కనిపించే లైను ఒకటి పెట్టాను. "కేఐఏఏ1549 ఎక్సాన్ 16 :: బ్రాఫ్ ఎక్సాన్ 9, ఇన్-ఫ్రేమ్." కేఐఏఏ1549, బ్రాఫ్ అనేవి రెండు జన్యువులు. ఎక్సాన్ అంటే జన్యువులో ప్రొటీన్‌కు సూచనలిచ్చే ముక్క. ఇవాళ మనం చేయబోయే పనల్లా ఈ లైనును సరిగ్గా చదవడం. దీన్ని సగం చదివి "బ్రాఫ్ ఉంది కదా, బ్రాఫ్ మందు ఇచ్చేద్దాం" అనుకుంటే కణితి తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది. అది ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ముందు ఫ్యూజన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. తెలుగువాళ్లకు ఇది చెప్పడం తేలిక, మనకు సంధులు తెలుసు కాబట్టి. రెండు పదాలు కలిసేచోట ఒక అచ్చు లోపించి, రెండూ ఒకే మాటగా పలుకుతాయి. కణంలో కూడా క్రోమోజోమ్ ఎక్కడో తెగి, ఉండకూడని చోట అతుక్కుంటే, ఒక జన్యువు మొదటి భాగమూ మరో జన్యువు చివరి భాగమూ కలిసి ఒకే ఆర్‌ఎన్‌ఏగా, ఒకే ప్రొటీన్‌గా బయటికి వస్తాయి. సంధిలో రెండు పదాల అర్థమూ నిలుస్తుంది. ఇక్కడ మాత్రం ఎంతో కొంత పోతుంది, ఆ పోయిన భాగమే చాలాసార్లు రోగానికి మూలం.

రిపోర్టులో "ఇన్-ఫ్రేమ్" అన్న మాట చూశారు కదా. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. "పలక, కలప, గడప" అని మూడు మాటలు తీసుకోండి. ఖాళీలు తీసేసి ఒక్క అక్షరం జరిగి చదివితే "లకక, లపగ, డప" అవుతుంది. మాటల్లేవు, చప్పుడే మిగిలింది. అతుకు పడినచోట లెక్క మూడుకు కుదిరితే రెండో జన్యువు భాగం అర్థవంతంగా చదవబడుతుంది, అదే ఇన్-ఫ్రేమ్. కుదరకపోతే పనిచేసే ప్రొటీన్ రాదు. కాబట్టి రిపోర్టులో రెండు జన్యువుల పేర్లు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఫ్రేమ్ కుదిరిందో లేదో అడగాలి.

పేర్ల మధ్యనున్న నాలుగు చుక్కల గురించి కూడా ఒక్క మాట. హ్యూగో జన్యు నామకరణ కమిటీ 2021లో ఫ్యూజన్లను ఈ జంట కోలన్‌తో రాయమని సూచించింది. అంతకుముందు అడ్డగీతతో రాసేవారు. పేరులోనే అడ్డగీత ఉన్న జన్యువులున్నాయి, పక్కపక్క జన్యువులు కలిసి చదవబడి వచ్చే రీడ్-త్రూ ఆర్‌ఎన్‌ఏలను కూడా అడ్డగీతతోనే రాస్తారు. దాంతో తికమక వచ్చేది. ముందు రాసిన జన్యువు మొదటి భాగాన్ని ఇస్తుంది, తర్వాత రాసినది చివరి భాగాన్ని ఇస్తుంది. ఈ వరుస తారుమారైతే అర్థమే మారిపోతుంది.

అదే ఏడాది, 2021లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కేంద్ర నాడీవ్యవస్థ కణితుల వర్గీకరణ ఐదో ఎడిషన్ వచ్చింది. అందులో కొన్ని కణితులకు జన్యు మార్పునే పేరులో చేర్చారు. "సుప్రాటెంటోరియల్ ఎపెండిమోమా, జెడ్‌ఎఫ్‌టీఏ ఫ్యూజన్-పాజిటివ్" అనేది ఒక కణితి పూర్తి పేరు. పెద్ద మెదడు భాగంలో, మెదడులోని నీటి గదుల పొర కణాలను పోలి ఉండే కణితి ఇది. ఫ్యూజన్ పరీక్ష చేయకుండా ఆ పేరు రాయడానికే వీల్లేదు. పరీక్ష చేయలేకపోతే "ఎన్‌ఓఎస్" అని రాయాలి. చేశాక కూడా ఏ పెట్టెలోనూ ఇమడకపోతే "ఎన్‌ఈసీ" అని రాయాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. మొదటిది "చూడలేదు", రెండోది "చూశాం, ఇమడలేదు".

ఇప్పుడు మన లైనుకు వద్దాం. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా చిన్నమెదడులో వచ్చే పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమా అనే నెమ్మదిగా పెరిగే కణితుల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ కేఐఏఏ1549::బ్రాఫ్ ఫ్యూజన్. దీన్ని 2008లో గుర్తించారు. ఏడో క్రోమోజోమ్ పొడుగు చేతిలో 7క్యూ34 అనే చోట దాదాపు 20 లక్షల అక్షరాల పొడవున్న ముక్క ఒకటి నకలై, అసలు ముక్క పక్కనే వచ్చి కూర్చుంటుంది. ఆ రెండు ముక్కలు కలిసే గీత మీద కేఐఏఏ1549 ముందు భాగమూ బ్రాఫ్ వెనక భాగమూ ఎదురెదురు పడతాయి.

బ్రాఫ్ ప్రొటీన్‌ను రెండు సగాలుగా ఊహించుకోండి. ముందు సగం తాళం, వెనక సగం ఇంజిన్. మామూలు కణంలో బయటి నుంచి పెరగమని సంకేతం వస్తేనే తాళం తెరుచుకుంటుంది. బ్రాఫ్‌కు 18 ఎక్సాన్లున్నాయి. అతుకు ఎక్సాన్ 9 దగ్గర పడితే 9 నుంచి 18 దాకా మిగులుతాయి. అంటే ఇంజిన్ పూర్తిగా ఉంది, తాళం ఉన్న ముందు భాగం పోయింది. సంకేతం వచ్చినా రాకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే అతుకు ఏ ఎక్సాన్ దగ్గర పడిందో రాయాలి అంటున్నాం. 16-9 ఎక్కువగా కనిపిస్తుంది, 15-9, 16-11 కూడా వస్తాయి. ఈ మూడింటిలోనూ ఇంజిన్ భద్రంగా ఉంటుంది. ఎక్సాన్ నంబర్లు ఏ ట్రాన్‌స్క్రిప్ట్‌ను (ఒకే జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్లో దేన్ని) ఆధారం చేసుకుని లెక్కపెట్టారన్నదాన్ని బట్టి మారతాయి. కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ నంబరు లేని రిపోర్టును రెండు ల్యాబ్‌ల మధ్య పోల్చకండి.

ఇక మందు సంగతి. బ్రాఫ్‌లో బాగా తెలిసిన మరో మార్పు ఉంది, వీ600ఈ. అది ఫ్యూజన్ కాదు, ఒకే అక్షరం మారడం. వీ600ఈ ఉన్న ప్రొటీన్ ఒంటరిగా పనిచేస్తుంది. వెమురాఫెనిబ్, డాబ్రాఫెనిబ్ ఆ ఒంటరి ప్రొటీన్‌ను పట్టి ఆపుతాయి. ఫ్యూజన్ ప్రొటీన్ జంటగా పనిచేస్తుంది. ఈ మందు జంటలో ఒకదానికి అతుక్కుంటే, రెండోది మరింత చురుగ్గా పనిచేయడం మొదలుపెడుతుంది. ఆపడానికి ఇచ్చిన మందే తోస్తుందన్నమాట. దీన్నే పారడాక్సికల్ యాక్టివేషన్ అంటారు. పిల్లల లో-గ్రేడ్ (నెమ్మదిగా పెరిగే) కణితుల్లో, బ్రాఫ్‌ను కూడా ఆపే సోరాఫెనిబ్ అనే మందును ప్రయత్నించిన ఒక ట్రయల్‌లో 11 మందిలో 9 మందికి రెండు మూడు సైకిల్స్‌లోనే కణితి పెరగడంతో ఆ ప్రయత్నం ఆపేయాల్సి వచ్చింది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. జన్యువు పేరు ఒకటే అయినా మార్పు రకం వేరైతే మందు వేరవుతుందని ఆ పిల్లల అనుభవం నుంచి నేర్చుకున్నాం. ఆ పాఠాన్ని మరిచిపోయే హక్కు మనకు లేదు.

మరి ఫ్యూజన్ ఉంటే ఏం ఇవ్వాలి? బ్రాఫ్ సంకేతం వెళ్లే దారిలో కింది మెట్టయిన మెక్ ప్రొటీన్ దగ్గర ఆపే మెక్ నిరోధకాలు, అంటే సెలుమెటినిబ్, ట్రామెటినిబ్ లాంటివి పనిచేస్తాయి. జంటను కూడా ఆపగల టైప్-2 రాఫ్ నిరోధకం టొవోరాఫెనిబ్ ఉంది. కణితి తిరగబెట్టిన లేదా పాత చికిత్సకు లొంగని లో-గ్రేడ్ గ్లయోమా (మెదడులోని ఆధార కణాల కణితి) ఉన్న, ఆరు నెలలు నిండిన పిల్లలకు, బ్రాఫ్ ఫ్యూజన్ గానీ వీ600 మార్పు గానీ ఉంటే వాడేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఏప్రిల్‌లో త్వరిత అనుమతి ఇచ్చింది. చదరపు మీటరుకు 380 మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి. ఒక్కో డోసు 600 మించకూడదు. జుట్టు రంగు మారుతుంది, దద్దుర్లు వస్తాయి, రక్తంలో సీపీకే అనే కండరాల ఎంజైమ్ పెరుగుతుంది, రక్తహీనత రావచ్చు. అన్నిటికన్నా పిల్లల ఎత్తు పెరిగే వేగం తగ్గడం గమనించాలి. ప్రతి విజిట్‌లో గోడ స్కేలు దగ్గర నిలబెట్టి ఎత్తు కొలిచి రాయండి. బరువు రాసి ఎత్తు వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. మెక్ మందులకైతే మొదలుపెట్టే ముందే ఎకో (గుండె స్కాను), కంటి పరీక్ష చేయించి, మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. గోరుచుట్టు తరచుగా వస్తుంది. చిన్నదే కదా అని వదిలేస్తే చీము పట్టి మందు ఆపాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఫ్యూజన్ దొరికినంత మాత్రాన అందరికీ మందు అక్కర్లేదు. చిన్నమెదడులోని పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమాను సర్జన్ పూర్తిగా తీసేయగలిగితే చాలామంది పిల్లలకు అదే చికిత్స. తర్వాత ఎంఆర్‌ఐలతో కనిపెట్టుకుని ఉంటే చాలు. ఫ్యూజన్ ఒక్కటే పేరును కూడా నిర్ణయించదు. మెదడు పొరల మీద పాకే డిఫ్యూజ్ లెప్టోమెనింజియల్ గ్లయోన్యూరోనల్ ట్యూమర్‌లో కూడా ఇదే కేఐఏఏ1549::బ్రాఫ్ కనిపిస్తుంది. అక్కడ దానికి తోడు ఒకటో క్రోమోజోమ్ పొట్టి చేయి పోయి ఉంటుంది. స్లైడు, స్కాను, జన్యువు ఈ మూడూ కలిపి చదవాలి.

ఇక మిగతా కుటుంబాల్లో ముఖ్యమైనవాటిని చూద్దాం. అన్నిటికీ సమాన సమయం ఇవ్వను.

పెద్ద మెదడులో వచ్చే ఎపెండిమోమాల్లో జెడ్‌ఎఫ్‌టీఏ::రెలా ఫ్యూజన్‌ను 2014లో కనుగొన్నారు. అప్పుడు మొదటి జన్యువును సీ11ఓఆర్‌ఎఫ్95 అనేవారు, పాత పేపర్లలో ఆ పేరే ఉంటుంది. పదకొండో క్రోమోజోమ్‌లో ఒకచోట గాజు పలక పగిలినట్టు ముక్కలై, ఇష్టమొచ్చినట్టు తిరిగి అతుక్కుంటుంది. దీన్ని క్రోమోథ్రిప్సిస్ అంటారు. ఫలితంగా ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే సంకేత దారి ఆగకుండా నడుస్తుంది. ల్యాబ్‌లో పీ65, ఎల్1సీఏఎం అనే ప్రొటీన్లను చూపే రంగులు వేసి అనుమానించవచ్చు. అయితే రెలా కాకుండా మామ్‌ఎల్2 లాంటి వేరే భాగస్వామితో జెడ్‌ఎఫ్‌టీఏ అతుక్కున్న కేసుల్లో పీ65 రాకపోవచ్చు. పీ65 నెగటివ్ చూసి ఫైలు మూసేయకూడదు. సీడీకేఎన్2ఏ జన్యువు రెండు కాపీలూ పోయి ఉంటే రోగ గతి చెడుగా ఉంటుందని తెలుసు కాబట్టి దాన్నీ చూడాలి. ఇదే చోట యాప్1 ఫ్యూజన్‌తో వచ్చే ఎపెండిమోమా ఇంకా అరుదు. పసిపిల్లల్లో, ఆడపిల్లల్లో ఎక్కువ, గతి మెరుగు. వెన్నుపాములో, చిన్నమెదడు దగ్గర వచ్చే ఎపెండిమోమాలు వేరే కథ, వాటిలో ఈ ఫ్యూజన్ కోసం వెతకడం వృథా.

పసిబిడ్డల విషయం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ ఫ్యూజన్ తెలిస్తే జరిగే మేలు మరెక్కడా జరగదు. ఏడాది లోపు బిడ్డ. తల చుట్టుకొలత వేగంగా పెరిగింది. స్కానులో ఒక అర్ధగోళం నిండా పెద్ద కణితి. సూక్ష్మదర్శినిలో చూస్తే హై-గ్రేడ్ గ్లయోమా. ఆ మాట వినగానే ఆశ వదిలేసుకునే కాలం ఒకటుండేది. ఇప్పుడు దీన్ని ఇన్‌ఫాంట్-టైప్ హెమిస్ఫెరిక్ గ్లయోమా అని విడిగా గుర్తిస్తున్నాం. ఇందులో ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, ఎన్‌ట్రాక్1, 2, 3, మెట్ అనే జన్యువుల్లో ఏదో ఒకటి ఫ్యూజన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద పిల్లల హై-గ్రేడ్ గ్లయోమాతో పోలిస్తే బతికే అవకాశాలు మెరుగు. రేడియేషన్ ఎదిగే మెదడుకు చేసే నష్టం తెలిసిందే, దాన్ని వీలైనంత దూరం పెట్టవచ్చు. ఎన్‌ట్రాక్ ఫ్యూజన్ ఉంటే లారోట్రెక్టినిబ్ ఉంది. దీనికి ఎఫ్‌డీఏ 2018 నవంబరులో, కణితి ఏ అవయవంలో ఉందన్నదానితో సంబంధం లేకుండా అనుమతి ఇచ్చింది.

డోసు లెక్క ఒకసారి చేద్దాం, ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. బిడ్డ శరీర వైశాల్యం 0.4 చదరపు మీటరు అనుకోండి. పూటకు 40 మిల్లీగ్రాములు. ద్రావణంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి. అంటే పూటకు 2 మిల్లీలీటర్లు, నోటి సిరంజితో కొలిచి ఇవ్వాలి, చెంచాతో కాదు. సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. పసిబిడ్డ నెలనెలా పెరుగుతుంది కాబట్టి ప్రతి విజిట్‌లో వైశాల్యం మళ్లీ లెక్కగట్టకపోతే మూడు నెలల్లో తక్కువ డోసులో పడిపోతాం. మెదడు కణితి ఉన్న బిడ్డకు ఫిట్స్ మందు ఉంటుంది కదా. అది ఫెనిటాయిన్ గానీ కార్బమాజెపైన్ గానీ అయితే కాలేయం లారోట్రెక్టినిబ్‌ను త్వరగా విరిచేస్తుంది, రక్తంలో మందు సరిపోదు. మందు పనిచేయలేదని తేల్చే ముందు ఫిట్స్ మందు ఏదో చూడండి. లెవెటిరాసెటమ్‌తో ఆ ఇబ్బంది లేదు. హఠాత్తుగా ఆపితే కొందరికి ఒళ్లునొప్పులు వస్తాయి. మాటలు రాని బిడ్డ ఏడుపుతోనే చెప్పుకుంటుంది, అది కణితి పెరగడం వల్లేనని కంగారు పడకముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూర్ఛలతో వచ్చే కణితుల్లో యాంజియోసెంట్రిక్ గ్లయోమా ఒకటి. కణాలు రక్తనాళాల చుట్టూ వరుసగా అమరి ఉంటాయి. ఎంవైబీ::క్యూకేఐ ఫ్యూజన్ దీని సంతకం. ఒకే దెబ్బకు ఇది మూడు పనులు చేస్తుందని 2016లో చూపించారు. ఎంవైబీకి తోక తెగి చురుకెక్కుతుంది. క్యూకేఐ దగ్గరి ఎన్‌హాన్సర్లు, అంటే జన్యువును చురుగ్గా పనిచేయించే డీఎన్‌ఏ భాగాలు, ఎంవైబీని నడుపుతాయి. కణితిని అదుపు చేసే క్యూకేఐ ఒక కాపీ పోతుంది. ఇంత జరిగినా ఇది గ్రేడ్ 1, అంటే అన్నిటికన్నా మెల్లని రకం. పూర్తిగా తీసేస్తే సాధారణంగా అక్కడితో సరి. ఫ్యూజన్ ఉందంటే దుష్టకణితి అని భయపడేవాళ్లకు దీన్ని ఉదాహరణగా చెబుతుంటాం.

పెద్దవాళ్ల గ్లయోబ్లాస్టోమాల్లో సుమారు 3 శాతంలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3::టాక్3 ఉంటుంది. 2012లో బయటపడింది. ఈ రెండు జన్యువులూ నాలుగో క్రోమోజోమ్ చివర పక్కపక్కనే ఉండడంతో ఫిష్ పరీక్షకు, అంటే జన్యువులకు మెరిసే రంగులు అంటించి చూసే పరీక్షకు, అది అంత తేలిగ్గా దొరకదు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 రంగు గాఢంగా వస్తే అనుమానించి ఆర్‌ఎన్‌ఏకు పంపడం మంచి పద్ధతి. మెదడు పొరల దగ్గర వచ్చే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌లో నాబ్2::స్టాట్6 కూడా ఇలాంటిదే, జన్యువులు పన్నెండో క్రోమోజోమ్ మీద ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కానీ అక్కడ స్టాట్6 రంగు కేంద్రకంలో కనిపించడమే చాలు, ఖరీదైన పరీక్ష అవసరం రాదు. ఈ కణితి పదేళ్ల తర్వాత కూడా ఎముకకో, ఊపిరితిత్తికో, కాలేయానికో పాకిన సందర్భాలున్నాయి. ఐదేళ్లు బాగుంటే చాలని ఫాలో-అప్ ఆపకూడదు.

2016లో "సీఎన్‌ఎస్-పీనెట్" అనే పాత ఉమ్మడి పేరు పెట్టిన 323 కణితులను మళ్లీ పరీక్షించారు. చాలా వాటికి ఆ పేరు తప్పని తేలింది. సీఐసీ, ఎంఎన్1, బీకార్, ఫాక్స్ఆర్2 మార్పులున్న నాలుగు కొత్త రకాలు అందులోంచి బయటికొచ్చాయి. పాత రిపోర్టులో పీనెట్ అని ఉన్న పేషెంటు ఇప్పటికీ మీ క్లినిక్‌కు వస్తుంటే, బ్లాక్ (మైనంలో దాచిన కణితి ముక్క) దొరికితే తిరిగి చూడమని అడగండి.

ఇప్పుడు అసలు సంగతి, ముక్క. పై పరీక్షలన్నీ ఆపరేషన్ థియేటర్లో ఆ పది నిమిషాల్లో ఏం చేశామన్నదాని మీద ఆధారపడతాయి. ఆర్‌ఎన్‌ఏ పాడైతే ఆదిలోనే హంసపాదు. ఎంత మంచి యంత్రమున్నా తర్వాత చేసేదేమీ లేదు.

ముక్క బయటికి రాగానే గాజుగుడ్డలో చుట్టి బల్ల మీద ఉంచకండి, ఎండిపోతుంది. సెలైన్‌లో గంటలకొద్దీ నానబెట్టకండి. వీలుంటే బఠాణీ గింజంత ముక్కను క్రయో సీసాలో వేసి ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచండి. మిగతాది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రావణం పోసి ఉంచాలి. చిన్న డబ్బాలో పెద్ద ముక్క కుక్కితే లోపలి భాగం పచ్చిగా ఉండిపోతుంది. 6 నుంచి 48 గంటలు చాలు. శుక్రవారం సాయంత్రం వేసి సోమవారం తీస్తే గడువు దాటిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. సెలవు వచ్చే ముందు రోజు కేసులకు ఎవరు తీస్తారో ముందే పేరు రాసి పెట్టుకోండి. కణితిలో సున్నం పేరుకుని గట్టిగా ఉంటే కొందరు ఆసిడ్‌లో మెత్తబరుస్తారు. ఆసిడ్ జన్యు పదార్థాన్ని తినేస్తుంది. ఈడీటీఏ వాడండి, ఆలస్యమైనా సరే. ఆపరేషన్‌లో కణితిని అల్ట్రాసౌండ్‌తో చితగ్గొట్టి పీల్చే కూసా యంత్రంలో చేరిన పొడిని చాలాచోట్ల పారబోస్తారు. అందులోనూ బతికున్న కణితి కణాలుంటాయి, వడకట్టి ఫార్మలిన్‌లో వేస్తే పరీక్షకు పనికొస్తుంది. ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలో ముక్కను గడ్డకట్టించి చూసే పరీక్ష) తర్వాత మిగిలిన ముక్క ఆకారం చూడటానికి అంత బాగుండకపోయినా జన్యు పరీక్షకు బాగానే పనికొస్తుంది, దాన్ని విడిగా దాచండి.

టెక్నీషియన్లకు ఒక విన్నపం. బ్లాక్ మొదటిసారి కోసినప్పుడే రంగు వేయని స్లైడులు పది అదనంగా తీసి ఉంచండి. తర్వాత మళ్లీ బ్లాక్‌ను మెషీన్‌లో పెట్టి సమం చేసే ప్రతిసారీ కొంత కణజాలం చెత్తలోకి పోతుంది. సూది బయాప్సీలో అది మొత్తం కణితే కావచ్చు. బ్లాక్‌కు బ్లాక్‌కు మధ్య బ్లేడు మార్చండి, లేకపోతే ఒకరి ఫ్యూజన్ ఇంకొకరి రిపోర్టులో వస్తుంది. పాథాలజిస్టు స్లైడు మీద కణితి ఉన్న చోటును పెన్నుతో చుట్టి ఇవ్వాలి. కణితి కణాలు 20 శాతానికి తగ్గితే చాలా పరీక్షలు నమ్మదగ్గవి కావు. ఎక్కువ భాగం మామూలు మెదడూ రక్తమూ ఉన్న ముక్కలో "ఫ్యూజన్ లేదు" అని వస్తే అర్థం లేదు.

ఆర్‌ఎన్‌ఏ తీశాక డీవీ200 అనే సంఖ్య చూస్తారు. 200 అక్షరాలకన్నా పొడవైన ముక్కల శాతం అది. 70 దాటితే బాగుంది. 30 లోపు ఉంటే ఆ నమూనా మీద ఆశ పెట్టుకోకండి. ఫార్మలిన్ ముక్కలకు రిన్ అనే మరో ఆర్‌ఎన్‌ఏ నాణ్యత స్కోరు చూసి లాభం లేదు.

తర్వాత పద్ధతి ఎంపిక. సాధారణంగా వాడే బ్రేక్-అపార్ట్ ఫిష్ పరీక్ష జన్యువు విరిగిందా లేదా అన్నది చెబుతుంది, ఎవరితో కలిసిందో చెప్పదు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1 విరిగిందని రిపోర్టు వచ్చిందనుకోండి. భాగస్వామి ఎఫ్‌ఎల్‌ఐ1 అయితే ఈవింగ్ సార్కోమా. క్రెమ్ అయితే ఇంట్రాక్రేనియల్ మెసెంకైమల్ ట్యూమర్. పాట్జ్1 అయితే మరొకటి. చికిత్స పూర్తిగా వేరు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1 పాజిటివ్ అన్న ఒక్క మాట మీద ఈవింగ్ కీమో మొదలుపెట్టకండి. గోప్సీ::ఆర్ఓఎస్1 లాంటి ఫ్యూజన్ మధ్యలోని చిన్న ముక్క ఊడిపోవడం వల్ల వస్తుంది. ఫిష్‌లో రెండు రంగులు విడిపోయి కనిపించవు, ఒక రంగు తప్పిపోతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు నెగటివ్ అని రాస్తారు.

ఎన్‌ట్రాక్ జన్యువుల నుంచి వచ్చే ట్రాక్ ప్రొటీన్లను చూపే పాన్-ట్రాక్ రంగు పరీక్ష శరీరంలో మిగతాచోట్ల బాగా ఉపయోగపడుతుంది. మెదడులో మాత్రం జాగ్రత్త. మామూలు నాడీకణాల్లోనే ట్రాక్ ప్రొటీన్లు ఉంటాయి, ఫ్యూజన్ లేకపోయినా రంగు వస్తుంది. మెదడు కణితిలో ఈ రంగు పాజిటివ్ అయితే అది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించడానికి కారణం మాత్రమే, మందు రాయడానికి కాదు.

డీఎన్‌ఏ ప్యానెల్‌లో ఇంట్రాన్లు, అంటే ఎక్సాన్ల మధ్య ఉండే భాగాలు, చదవాలి. ఎన్‌ట్రాక్2, 3 ఇంట్రాన్లు చాలా పెద్దవి, చాలా ప్యానెల్స్ వాటిని పూర్తిగా చదవవు. ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లు అప్పటికే తీసేసి ఉంటాయి కాబట్టి అతుకు నేరుగా కనిపిస్తుంది. అందుకే ఫ్యూజన్ వెతికేటప్పుడు నా ఓటు ఆర్‌ఎన్‌ఏకే. ఆర్‌ఎన్‌ఏ ప్యానెళ్లలోనూ రెండు రకాలు. రెండు జన్యువులకూ ప్రైమర్లు (చదవడం మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ తునకలు) పెట్టేది తెలిసిన జంటలనే పట్టుకుంటుంది. ఒక జన్యువుకే ప్రైమర్ పెట్టి అవతల ఎవరున్నా చదివేది యాంకర్డ్ పద్ధతి, కొత్త భాగస్వామి ఉన్నా దొరుకుతుంది. ల్యాబ్‌ను అడగాల్సిన ప్రశ్న, "మీ ప్యానెల్లో ఫలానా జన్యువు ఉందా, ఏ ఎక్సాన్లు?" జాబితాలో లేని జన్యువు గురించి ఆ ల్యాబ్ ఇచ్చే నెగటివ్‌కు విలువ లేదు.

డీఎన్‌ఏ మీది మెథిల్ గుర్తుల తీరు చూసి కణితిని గుర్తించే మెథిలేషన్ క్లాసిఫైయర్ 2018లో హైడెల్‌బర్గ్ బృందం నుంచి వచ్చింది. ఇది కణితి పేరు చెబుతుంది, స్కోరు 0.9 దాటితే నమ్మదగింది. అదే పరీక్షలో వచ్చే కాపీ నంబరు గీతను చూడటం మరవకండి. 7క్యూ34 దగ్గర చిన్న మెట్టులా పైకి లేస్తే బ్రాఫ్ నకలు అని ఊహించవచ్చు. పదకొండో క్రోమోజోమ్ గీత ఎగుడుదిగుడుగా ఉంటే జెడ్‌ఎఫ్‌టీఏ వైపు చూడండి. అది సూచన మాత్రమే, రుజువు ఆర్‌ఎన్‌ఏ ఇస్తుంది.

ప్రశ్నలకు సమయం ఉంది.

ప్రశ్న: మా బాబుకు ఫ్యూజన్ ఉందన్నారు. మా పాపకు కూడా పరీక్ష చేయించాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. ఈ అతుకు కణితిలోని కణంలో పుట్టింది. మీ నుంచి రాలేదు, పాపకు వెళ్లదు. మీరు తిన్నదాని వల్లో చేసినదాని వల్లో కూడా రాలేదు. ఎన్‌ఎఫ్1 అని వంశపారంపర్య వ్యాధి ఒకటుంది, దానిలో కూడా ఇలాంటి కణితులు వస్తాయి, కానీ అది వేరు. బాబు ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు చాలా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఆపరేషన్ లేకుండా రక్తంలో ఫ్యూజన్ చూడలేమా సార్?

జవాబు: మెదడు కణితుల నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ చాలా తక్కువ. వెన్నునీటిలో అవకాశం మెరుగు, కానీ అందులోనూ రాకపోతే లేదని అర్థం కాదు. మెదడు కాండంలో, చేయి పెట్టలేని చోట ఉన్న కణితులకు ఆ దారిని ఆలోచిస్తాం. ముక్క తీయగలిగితే ముక్కే మేలు.

ప్రశ్న: లారోట్రెక్టినిబ్‌తో తగ్గిన కణితి మళ్లీ పెరిగితే?

జవాబు: మొదట డోసు, మందులు వేసుకున్న తీరు, ఫిట్స్ మందులు చూడండి. అవి సరిగ్గా ఉంటే వీలైనచోట మళ్లీ బయాప్సీ. ఎన్‌ట్రాక్1లో జీ595ఆర్, ఎన్‌ట్రాక్3లో జీ623ఆర్ లాంటి మార్పులు వస్తే మొదటి తరం మందు ఇంజిన్‌లో ఇమడదు. అలాంటి మార్పులను దాటేలా తయారైన రెపోట్రెక్టినిబ్‌కు ఎన్‌ట్రాక్ కణితుల్లో 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, 12 ఏళ్లు దాటినవాళ్లకు. పసిబిడ్డలకు ట్రయల్ కేంద్రాలను సంప్రదించాలి.

ప్రశ్న: ల్యాబ్ "ఫ్యూజన్ కనిపించలేదు" అంది. మళ్లీ పంపాలా?

జవాబు: రిపోర్టు కింది భాగం చదవండి. కంట్రోల్ జన్యువుల (పరీక్ష సరిగ్గా నడిచిందో చెప్పేవాటి) రీడ్స్, అంటే యంత్రం చదివిన ముక్కలు, ఎన్ని, డీవీ200 ఎంత, కణితి శాతం ఎంత? కంట్రోల్స్ పడిపోతే అది నెగటివ్ కాదు, పరీక్ష ఫెయిలైంది, ఇంకో బ్లాక్ పంపండి. కంట్రోల్స్ బాగుండి, స్లైడు మాత్రం ఫ్యూజన్ వైపే చూపిస్తుంటే ఆ జన్యువు ప్యానెల్లో ఉందో లేదో చూడండి. తప్పుడు పాజిటివ్‌లూ ఉన్నాయి. పక్కపక్క జన్యువులు కలిసి చదవబడే రీడ్-త్రూలు ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తాయి. రెండు మూడు రీడ్స్ మీద నిలబడ్డ ఫ్యూజన్‌ను వేరే పద్ధతితో ఖరారు చేయకుండా మందు మొదలుపెట్టకండి.

ప్రశ్న: ముక్క చాలా చిన్నది, ఒక్క పరీక్షకే సరిపోతుంది. ఏది చేయించాలి?

జవాబు: వయసును బట్టి, కణితి చోటును బట్టి. ఏడాది లోపు బిడ్డ, అర్ధగోళంలో పెద్ద కణితి అయితే ఆర్‌ఎన్‌ఏ, రెండో ఆలోచన లేదు, ఎందుకంటే జవాబు వెంటనే మందుగా మారుతుంది. బిడ్డ చిన్నమెదడులో నీటితిత్తి పక్కన చిన్న గడ్డ ఉండి, స్లైడులో పైలోసిటిక్ కణితికి గుర్తయిన రోసెంథల్ ఫైబర్లు స్పష్టంగా ఉంటే, పూర్తిగా తీసేశారంటే ముక్కను ఖర్చుపెట్టకుండా దాచడం కూడా సరైన నిర్ణయమే, తిరగబెడితే అప్పుడు కావాలి. స్లైడు చూసి నలుగురు పాథాలజిస్టులు నాలుగు పేర్లు చెబుతుంటే మెథిలేషన్. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ ఒకే తీతలో వచ్చే కిట్లు ఉన్నాయి. పంపే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి అవి వాడతారేమో అడగండి. సగం సమస్య ఆ ఫోన్‌తోనే తీరుతుంది.